పూటకూళ్ళమ్మ సాక్ష్యం

విజయనగరంలో 1892 ఆగస్టు 13న జగన్నాథ విలాసినీ సభ వారు 'కన్యాశుల్కం' నాటకం మొదటిసారి ఆడారు. అచ్చులోకి 1897లో వచ్చింది. ఇవాళ మనం చదువుతున్నది 1909లో గురజాడ బాగా పెంచి రాసిన రెండో కూర్పు. అందులో గిరీశం రంగం మీదికి వచ్చేసరికే ఒక మోసం జరిగిపోయింది. సంతలో సామాను కొని తెస్తానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకున్నాడు, ఆ డబ్బు వేశ్య మధురవాణి మీద ఖర్చయిపోయింది. ఈ సంగతి మనకు చెప్పేదీ అతనే. బెరుకు లేదు, బాధ లేదు. ఇక ఊరు మారాలి అన్న లెక్క ఒక్కటే ఉంది. అంతా విన్నాక కూడా ప్రేక్షకుడికి కోపం రాదు, నవ్వొస్తుంది. 1955లో పి.పుల్లయ్య తీసిన సినిమాలో ఎన్.టి.రామారావు ఆ వేషం వేశాక ఆ నవ్వు మరింతమందికి చేరింది.

మోసగాడి నోటి నుంచే మోసం విని నవ్వుతున్నామంటే మనమీద ఏదో పనిచేస్తోందన్నమాట. మానసిక శాస్త్రం దాన్ని 'పైపై ఆకర్షణ' అంటుంది. సైకోపతిక్ వ్యక్తిత్వపు లక్షణాలు చెప్పేటప్పుడు చాలాచోట్ల మొట్టమొదట లెక్కించేది దీన్నే.

ఆ లెక్క మొదలుపెట్టినవాడు హెర్వీ క్లెక్లీ, అమెరికాలో జార్జియా రాష్ట్రం ఆగస్టా నగరంలో మానసిక వైద్యుడు. ఆయన పుస్తకం 'ది మాస్క్ ఆఫ్ శానిటీ' 1941లో వెలువడింది. తరవాతి కూర్పుల్లో స్థిరపడిన పదహారు లక్షణాల్లో మొదటిది ఆకర్షణ, దాంతోపాటే మంచి తెలివితేటలు. మిగిలినవాటిలో కొన్ని ఇవి: భ్రమలు, పిచ్చి ఆలోచనలు లేకపోవడం, కంగారు పడకపోవడం, అబద్ధం అలవోకగా ఆడటం, సిగ్గూ పశ్చాత్తాపం లేకపోవడం, ఎన్ని దెబ్బలు తిన్నా పాఠం నేర్చుకోకపోవడం, ఎవరినీ నిజంగా ప్రేమించలేకపోవడం, బతుక్కి ఒక దారీ తెన్నూ పెట్టుకోకపోవడం.

క్లెక్లీ వర్ణించిన రోగుల్లో ఎక్కువమంది హంతకులు కారు. దొంగ చెక్కులు ఇచ్చేవాళ్లు, తాగి ఊరు వదిలి పోయేవాళ్లు, చేరిన ప్రతి ఉద్యోగాన్నీ చెడగొట్టుకునేవాళ్లు, ఎన్నోసారో క్షమాపణ చెప్పి మళ్లీ అదే పని చేసేవాళ్లు. వాళ్లు ఆస్పత్రికి వచ్చేది తామంతట తాము కాదు, తల్లిదండ్రులో భార్యో విసిగిపోయి తీసుకొస్తారు. వచ్చి కూర్చున్నాక ఆ గదిలో అందరికన్నా నిబ్బరంగా, మర్యాదగా, సరదాగా మాట్లాడేది రోగే. తీసుకొచ్చినవాళ్లే ఏడుస్తూ, అరుస్తూ, తడబడుతూ మతి చెడినవాళ్లలా కనిపిస్తారు. 'ముసుగు' అని క్లెక్లీ అన్నది దీన్నే. ముసుగు వెనక రాక్షసుడు దాక్కున్నాడని ఆయన ఉద్దేశం కాదు. మామూలు మనిషికి ఉండాల్సిన తీరంతా పైన ఉంది, దాని లోపల ఉండాల్సిన అనుభూతి మాత్రం లేదని ఆయన చెప్పదలచుకున్నది.

మన సినిమాల 'సైకో'కీ దీనికీ చాలా దూరం. తెర మీద సైకో అంటే కళ్లు ఎర్రజేసి, తనలో తాను మాట్లాడుకుంటూ, కత్తి పట్టుకు తిరిగేవాడు. లేని గొంతులు వినిపించడం, లేనివి కనిపించడం సైకోసిస్ అనే వేరే జబ్బు. అది ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. సైకోపతిలో మతి చెదరదు. ఈ తేడాను పట్టుకునే ప్రయత్నం క్లెక్లీకి చాలా ముందే, 1801లో, పారిస్ వైద్యుడు ఫిలిప్ పినెల్ చేశాడు. మతిభ్రమ లేని ఉన్మాదం ఒకటుందని రాశాడు. 1835లో ఇంగ్లండ్‌లో జేమ్స్ ప్రిచర్డ్ దాన్ని నైతిక ఉన్మాదమన్నాడు. ఆ మాట చాలాకాలం కోర్టుల్లో చిక్కులు పెట్టింది.

తరవాతి పెద్ద అడుగు కెనడాలో పడింది. రాబర్ట్ హేర్ బ్రిటిష్ కొలంబియా జైళ్లలో ఖైదీలను పరిశీలించి ఒక కొలమానం తయారుచేశాడు. సవరించిన రూపం 1991లో అచ్చయింది. అందులో ఇరవై అంశాలు, ఒక్కోదానికి సున్నా, ఒకటి లేదా రెండు మార్కులు, మొత్తం నలభై. ముప్పై, అంతకు మించి వస్తే సైకోపతి అని ఉత్తర అమెరికాలో వాడుక. మొదటి అంశం నునుపైన మాట, పైపై ఆకర్షణ. ఇంతవరకూ క్లెక్లీ దారే. హేర్ పెట్టిన మరో నియమం మాత్రం బయట ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా మటుకు ఈ విషయం మొత్తంలో అసలైన పాఠం అదే. ఎదురుగా కూర్చోబెట్టి గంటల తరబడి మాట్లాడించినా మార్కులు వేయడానికి అది చాలదు. జైలు రికార్డు, పోలీసు కాగితాలు, బడి నివేదికలు, కుటుంబం చెప్పినది, పాత యజమానులు చెప్పినది అంతా చూసి తీరాలి. ఇంటర్వ్యూ కుదరకపోతే ఫైలుతోనే పరిశోధకులు మార్కులు వేసిన సందర్భాలున్నాయి. ఫైలు లేకుండా మాట ఒక్కదానితో మాత్రం వేయకూడదు.

ఎందుకు వేయకూడదో కెనడాలోనే జరిగిన ఒక అధ్యయనం చూపించింది. స్టీఫెన్ పోర్టర్ బృందం 2009లో 310 మంది మగ ఖైదీల రికార్డులు తిరగేసింది. కొలమానంలో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు షరతులతో కూడిన విడుదల దొరికే అవకాశం మిగతావాళ్లకన్నా దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. బయటికి వచ్చాక మళ్లీ తప్పు చేసి లోపలికి వచ్చిందీ వాళ్లే ఎక్కువ. విడుదల నిర్ణయించే బోర్డు సభ్యులు కొత్తవాళ్లు కారు, రోజూ ఖైదీలతోనే పని. ఫైళ్లూ బల్ల మీదే ఉంటాయి. అయినా ఎదురుగా కూర్చున్న మనిషి మాటదే పైచేయి అయింది.

అలాగని వాళ్ల మాట నిజంగా గొప్పగా ఉంటుందా అంటే, అదీ అనుమానమే. జెఫ్రీ హాంకాక్, మైకేల్ వుడ్‌వర్త్, పోర్టర్ కలిసి కెనడా జైళ్లలో 52 మంది హంతకుల చేత తాము చేసిన హత్య గురించి చెప్పించి, ఆ మాటలను కంప్యూటర్‌తో జల్లెడ పట్టారు. వాళ్లలో 14 మంది సైకోపతి ఉన్నవాళ్లు. జరిగినదాన్ని వీళ్లు కారణాలు చూపించి, ఒక పని కావాలి కాబట్టి చేశాం అన్న ధోరణిలో చెప్పారు. తిండి, తాగుడు, డబ్బు ప్రస్తావనలు ఎక్కువ. ఇల్లు, కుటుంబం, దేవుడు తక్కువ. అంతకన్నా ఆశ్చర్యం, వీళ్ల మాటల్లో 'అ...', 'ఆఁ...' అంటూ తడబాట్లే ఎక్కువ దొరికాయి. అనుభూతితో నిండిన సంఘటనను మామూలు మనిషిలా చెప్పి ఒప్పించడానికి శ్రమ పడుతున్నారని పరిశోధకుల ఊహ. అక్షరాల్లోకి దించితే తడబాటుగా కనిపించేది, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు నవ్వులోనూ చూపులోనూ కలిసిపోయి వాగ్ధాటిగా వినిపిస్తుంది.

ఈ నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తుంది? 1957లో డేవిడ్ లిక్కెన్, 1965లో హేర్ చేసిన ప్రయోగాలు దీనికి దారి చూపాయి. హేర్ ప్రయోగం చాలా సులువైనది. కుర్చీలో కూర్చున్న మనిషికి ఒకటి నుంచి పన్నెండు వరకూ అంకెలు వరసగా కనిపిస్తాయి, ఎనిమిది దగ్గర చిన్న కరెంటు షాక్ తగులుతుందని ముందే తెలుసు. మామూలు మనిషికి మూడో నాలుగో వచ్చేసరికే అరచేతులు చెమర్చడం మొదలవుతుంది, చర్మం మీద పెట్టిన పరికరం దాన్ని పట్టేస్తుంది. సైకోపతి ఉన్నవాళ్లలో ఆ పెరుగుదల చాలా ఆలస్యంగా, చాలా కొద్దిగా కనిపించింది. రాబోయే దెబ్బను ఒళ్లు ముందుగా పసిగట్టడం లేదు. ఎదుటివాళ్ల ముఖంలో భయాన్ని గుర్తించడంలోనూ వీళ్లు తడబడతారని జేమ్స్ బ్లెయిర్ వంటివారు చూపారు. మెదడులో ఎమిగ్డలా అనే చిన్న భాగం పనితీరులో తేడా దీనికి కారణం కావచ్చునన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. దొరికిపోతానన్న భయం లేనివాడికి అబద్ధం ఆడుతుంటే గొంతు వణకదు. ఎదుటివాడు దాన్నే నిజాయితీ అనుకుంటాడు.

భయం లేకపోతే నిబ్బరం వస్తుంది సరే, ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఇంత బాగా ఎలా కనిపెడతాడు? అనుభూతి లేనివాడికి అది సాధ్యం కాకూడదు కదా. దీనికి 2013లో నెదర్లాండ్స్ నుంచి ఒక జవాబు వచ్చింది. హర్మా మెఫర్ట్, వలేరియా గజ్జోలా, క్రిస్టియాన్ కైజర్స్ బృందం సైకోపతి ఉన్న 18 మంది నేరస్తులకు చిన్న చిన్న దృశ్యాలు చూపించింది. రెండు చేతులు ఒకదాన్నొకటి నిమరడం, కొట్టడం, తోసేయడం వంటివి. ఊరికే చూడమన్నప్పుడు, ఇతరుల నొప్పికి స్పందించాల్సిన మెదడు భాగాలు వీళ్లలో తక్కువగా పనిచేశాయి. 'ఆ చేతివాళ్లకి ఎలా ఉంటుందో మీరూ అనుభవించి చూడండి' అని చెప్పి మళ్లీ చూపిస్తే ఆ తేడా చాలావరకూ తగ్గిపోయింది. మనలో ఎప్పుడూ వెలుగుతుండే దీపానికి వాళ్ల దగ్గర స్విచ్ ఉందన్నమాట. పని ఉన్నప్పుడు వేస్తారు, పని అయిపోయాక తీసేస్తారు. సంఖ్య చిన్నదే, ఒక్క అధ్యయనం మీద పెద్ద భవనం కట్టకూడదు. అయినా 'ఇంత ప్రేమగా మాట్లాడినవాడు అంత పని ఎలా చేశాడు' అని మోసపోయినవాళ్లు వేసే ప్రశ్నకు నేను చూసిన జవాబుల్లో ఇది కొంత నమ్మదగ్గది.

గిరీశం దగ్గరికి మళ్లీ రావాలి, ఈ స్విచ్ ఎలా పనిచేస్తుందో తెలుగులో అంత దగ్గరగా చూపించిన పుస్తకం మరొకటి నాకు తెలియదు. పరీక్ష తప్పిన వెంకటేశం దగ్గర అతను ఇంగ్లీషు ఒలకబోసే గురువు, చుట్ట కాల్చడం నేర్పే నేస్తం. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు దగ్గర కోర్టు కాగితాలు చక్కబెట్టగల చదువరి. వితంతువు బుచ్చమ్మ దగ్గర పునర్వివాహం శాస్త్రసమ్మతమని బోధించే సంస్కర్త. వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర వేశ్యలంటే గిట్టని శీలవంతుడు. ఎవరికి ఏ లోటుందో చూసి, సరిగ్గా దాన్నే మాటలతో పూరిస్తాడు. సౌజన్యారావు అవివేకి కాడు, చట్టం చదివినవాడు, మంచివాడు. అయినా నమ్మాడు. గిరీశం గతం ఆయనకు తెలిసింది మధురవాణి చెబితేనే. మొదటి నుంచీ గిరీశం అసలు రంగు ఎరిగినవాళ్లిద్దరే, పూటకూళ్ళమ్మ, మధురవాణి. ఒకరు డబ్బు పోగొట్టుకున్న మనిషి, మరొకరు ఆ డబ్బు చేరిన ఇంటి మనిషి. ఇద్దరి మాటకూ ఆనాటి సంఘంలో విలువ లేదు. హేర్ భాషలో ఫైలు అంటే వాళ్లిద్దరే. గురజాడ దీన్ని క్లెక్లీకి మూడు దశాబ్దాల ముందే చూశాడు.

అయితే గిరీశం సైకోపతా? కొలమానం పట్టుకుని నాటకపాత్రకు మార్కులు వేయడం పండితుల వినోదమే గానీ శాస్త్రం కాదు. మొదటి అంశంలో రెండుకు రెండు వస్తాయన్నది మాత్రం నిశ్చయం. పరాన్నజీవనం, గొప్పలు, బాధ్యత లేకపోవడం కూడా కలుస్తాయి. క్రూరత్వం దగ్గరికి వచ్చేసరికి నాకు అనుమానం. అతను దొరికిపోతానేమోనని భయపడతాడు, చీపురు పట్టుకుని పూటకూళ్ళమ్మ వస్తే మంచం కిందికి దూరతాడు. పైగా నాటకం అతని చేతిలో ఎవరినీ పూర్తిగా చెడనివ్వదు. నిజంగా బలి కావాల్సిన బుచ్చమ్మను చివరి నిమిషంలో పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరుగుతుంది. అది జరగకపోయి ఉంటే మనం ఇంత తేలిగ్గా నవ్వగలిగేవాళ్లమా? నవ్వలేమనే నా అభిప్రాయం.

ఇంకో తెలుగు పాత్రను పక్కన పెడితే తేడా తెలుస్తుంది. చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' మిత్రభేదంలో దమనకుడు ఉన్నాడు. అతనూ తీయగానే మాట్లాడతాడు, సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చు పెడతాడు. కానీ దమనకుడు ఓపికగా, మెట్టు మీద మెట్టు వేసి, రాజుగారి దగ్గర స్థానం కోసం పనిచేస్తాడు. డెల్‌రాయ్ పాల్‌హస్, కెవిన్ విలియమ్స్ 2002లో చీకటి వ్యక్తిత్వాలను మూడుగా విడదీసినప్పుడు ఇలాంటి వ్యూహకర్తను మాకియవెల్లి కోవలో పెట్టారు. సైకోపతిలో ఆ ఓపిక ఉండదు, దొరికినంత తీసుకుని పోవడమే. మూడోది నార్సిసిజం, తనను తాను ఆరాధించుకోవడం. తీపి మాట మూడింటికీ ఉమ్మడి ఆస్తి. కాబట్టి మాటను బట్టి లోపల ఏముందో చెప్పలేం.

పడమటి కల్పన ఎలా ఉందో 2014లో బెల్జియం వైద్యులు సామ్యూల్ లైస్టెట్, పాల్ లింకోవ్‌స్కీ లెక్క తీశారు. 1915 నుంచి 2010 వరకూ వచ్చిన 400 సినిమాలు చూసి 126 సైకోపతిక్ పాత్రలను వేరు చేశారు. ఎక్కువ వాస్తవంగా ఉందని వాళ్లు ఎన్నుకున్నది 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్'లోని ఆంటన్ షిగుర్. అతనిలో ఆకర్షణ మచ్చుకైనా లేదు! జనం మెచ్చిన హానిబల్ లెక్టర్, సంగీతమూ వంటా తెలిసిన మేధావి హంతకుడు, వైద్యుల లెక్కలో కల్పనే. మనవైపు భారతీరాజా 1978లో తీసిన 'సిగప్పు రోజాక్కళ్' తెలుగులో 'ఎర్ర గులాబీలు'గా ఆడింది. కమల్‌హాసన్ అందులో పైకి దర్జా అయిన వ్యాపారి, లోపల హంతకుడు. కథ అతని బాల్యంలో ఒక గాయం చూపించి దానికి కారణం చెబుతుంది. కల్పనకు కారణం కావాలి. క్లెక్లీ రోగుల్లో చాలామంది మంచి ఇళ్లల్లో, ప్రేమ మధ్య పెరిగినవాళ్లే.

నిజ జీవితంలో మన దేశానికి బాగా తెలిసిన పేరు చార్లెస్ శోభరాజ్. పుట్టింది 1944లో సైగాన్‌లో. 1976లో ఢిల్లీలో ఫ్రెంచి విద్యార్థుల బృందంతో స్నేహం చేసి, విరేచనాలు తగ్గే మందని చెప్పి మత్తుమాత్రలు ఇచ్చాడు. కొందరు అక్కడికక్కడే కూలిపోవడంతో మిగిలినవాళ్లు పట్టుకున్నారు. 1986 మార్చిలో తీహార్ జైలు కాపలాదారులకు మత్తు కలిపిన మిఠాయిలు పంచి తప్పించుకున్నాడు, ఏప్రిల్‌లో గోవాలో దొరికాడు. తరవాత నేపాల్ కోర్టు హత్యానేరం కింద శిక్ష వేసింది, 2022 డిసెంబరులో విడుదలై ఫ్రాన్స్ వెళ్లాడు. అతనికి జబ్బు పేరు పెట్టడం నా పని కాదు, పరీక్షించని మనిషికి ఎవరూ పెట్టకూడదు. చూడాల్సింది మిఠాయి అందుకున్న చేతులను. అవి జైలు సిబ్బంది చేతులు, ఎదుటివాడి ఫైలు తెలిసినవాళ్ల చేతులు.

ఇలాంటి మాటకారికి మా ఊరూ అనువైనదే. ఈ వ్యాసం రాస్తున్న ఉప్పళం పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, ఇందిరాగాంధీ స్టేడియం ఉన్న పేట. తమిళం మధ్య యానాం నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వచ్చినవాళ్ల తెలుగు వినిపిస్తుంటుంది. ఫ్రెంచి పెన్షను అందుకునే 'సొల్దా'ల (ఫ్రెంచి సైనికుల) కుటుంబాలు ఈ పట్టణంలో ఉన్నాయి. 1962 ఆగస్టు 16న పుదుచ్చేరిని భారత్‌కు అప్పగించే ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకున్నవాళ్ల సంతతి అది. ఆ పౌరసత్వం ఉన్న సంబంధమంటే పెళ్లిళ్ల మార్కెట్లో గిరాకీ. ఇక్కడ మూడు భాషల్లో తీయగా మాట్లాడగలిగినవాడికి ఒక్కో ఇంట్లో ఒక్కో రూపం ఎత్తడం కష్టమేమీ కాదు. యానాం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడ అతనెవరో ఇక్కడ అడిగే నాథుడుండడు. విజయనగరానికీ కృష్ణరాయపురానికీ మధ్య ఉన్న దూరమే గిరీశానికి చాలింది.

దూరం లేకుండా, కాలం ఉంటే ఏమవుతుందో పాల్‌హస్ 1998లో చూపాడు. కొత్తవాళ్లను చిన్న బృందాలుగా చేసి వారానికోసారి, ఏడు వారాలు కలిపాడు. తమను తాము గొప్పగా చూసుకునేవాళ్లు మొదటి సమావేశంలో అందరికీ నచ్చారు, ఏడోది అయ్యేసరికి విసుగు పుట్టించారు. ఆఫీసుల్లోనూ ఇదే జరుగుతుందని 2010లో పాల్ బాబియాక్, హేర్ 203 మంది కంపెనీ ఉద్యోగులను పరిశీలించి చెప్పారు. ముప్పై, అంతకు మించి మార్కులు వచ్చినవాళ్లు ఎనిమిది మంది. సైకోపతి మార్కులు పెరిగేకొద్దీ మాటతీరు, ఆలోచన బాగున్నాయని పైవాళ్ల మెప్పు పెరిగింది. కలిసి పనిచేయడం, పని పూర్తిచేయడం దగ్గర మాత్రం మార్కులు పడిపోయాయి.

సైకోపతి అంటే ఏమిటన్న తగవు శాస్త్రంలో ఇంకా తీరలేదు. అమెరికన్ మానసిక వైద్యుల గ్రంథంలో 1980 నుంచి ఉన్న యాంటీసోషల్ వ్యక్తిత్వ దోషానికి ఏడు ప్రమాణాలు, అవి ఎక్కువగా చేతలకు సంబంధించినవే. ఆకర్షణ ఆ ఏడింటిలో లేదు, అనుబంధ వివరణలో తగులుతుంది. నేరం ఈ వ్యక్తిత్వంలో భాగమా, దాని ఫలితమా అని జెన్నిఫర్ స్కీమ్, డేవిడ్ కుక్ 2010లో లేవనెత్తిన వాదం ఇంకా నడుస్తోంది. నేరంకన్నా వ్యక్తిత్వాన్ని చూసిన క్లెక్లీ పక్షమే నాకు సబబనిపిస్తుంది. నేరాన్నే కొలబద్ద చేసుకుంటే జైలుకెళ్లని గిరీశాలు లెక్కలోకి రారు.

పాఠకులకు ఒక విన్నపం. ఇది చదివి మీ బావగారికో, మీ ఆఫీసరుకో సైకోపతి అని పేరు పెట్టకండి, మాటకారితనం జబ్బు కాదు. మోసపోయినవాళ్లు మాత్రం నోరు విప్పండి. ఎక్కువమంది డబ్బు పోయినందుకు కాదు, నమ్మినందుకు సిగ్గుపడి దాచుకుంటారు. మీరు దాచుకున్న సంగతి తెలియకనే రేపు పక్కవీధివాళ్లు ఆ మనిషికి పిల్లనిస్తారు, అప్పిస్తారు. పూటకూళ్ళమ్మ దాచుకోలేదు, చీపురు పట్టుకుని వీధినపడి అడిగింది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మనసు కుదుటపడకపోతే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416. అక్కడ తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు.